లేబర్ రూమ్ తలుపు తెరిచాక

మా ఆఫీసు నాలుగో అంతస్తులో ఒక చిన్న గది ఉంది. తలుపు మీద 'వెల్‌నెస్ రూమ్' అని రాసుంటుంది. లోపల ఒక కుర్చీ, ఒక ప్లగ్ పాయింటు, ఒక బుల్లి ఫ్రిజ్. పాప పుట్టిన ఏడో నెలలో మళ్ళీ డ్యూటీలో చేరాక రోజుకు రెండుసార్లు ఆ గదిలో కూర్చుని పంపుతో పాలు తీసి సీసాలో పోసుకునేదాన్ని. ఒక్కోసారికి ఇరవై నిమిషాలు. చేతులకు ఇంకో పని ఉండదు కాబట్టి ఫోన్‌లో ఏదో ఒకటి చదివేదాన్ని. కొండేపూడి నిర్మల 'లేబర్ రూమ్' కవితను రెండోసారి చదివింది ఆ కుర్చీలోనే.

మొదటిసారి చదివింది ఇంజనీరింగ్ సెకండియర్‌లో. కోఠిలో పాత పుస్తకాల కుప్పలో ఓల్గా సంపాదకత్వంలో 1993లో వచ్చిన 'నీలిమేఘాలు' దొరికింది. అక్కడి నుంచి మొదలుపెట్టి నిర్మలవీ, పాటిబండ్ల రజనివీ, విమలవీ, జయప్రభవీ దొరికినవన్నీ చదివాను. హాస్టల్ గదిలో నా స్నేహితురాలితో పెద్ద తీర్పరిలా ఒక మాట అన్నాను: "బాగున్నాయే, కానీ ఇది మా అమ్మల తరం గొడవ. మనం దాటేశాం."

ఇప్పుడు ముప్ఫైల్లో ఉన్నాను. ఉండేది పటాన్‌చెరులో. నాకు సాహిత్యంలో డిగ్రీ లేదు. చదివింది కంప్యూటర్లు, రాసేది కోడు. కాబట్టి ఈ వ్యాసాన్ని విమర్శకురాలి తీర్పుగా కాక, ఒక పాఠకురాలు తన పాత రివ్యూను వెనక్కి తీసుకోవడంగా చదవండి.

*

ఆ కవితలు ఏం చేశాయో ముందు గుర్తు చేసుకుందాం. తెలుగులో అమ్మ గురించి తక్కువేం రాయలేదు. సినిమా పాటల నుంచి స్కూలు వక్తృత్వ పోటీల దాకా అమ్మ దేవత. అయితే ఆ దేవతకు ఒళ్ళు ఉండదు. చీర కొంగు, గోరుముద్ద, కన్నీరు మాత్రం ఉంటాయి. కడుపు కోత, కుట్లు, పాలు గడ్డకట్టిన రొమ్ము ఉండవు. కన్నదన్న సంగతిని అందరూ పొగుడుతారు, ఎలా కన్నదన్న సంగతిని ఎవరూ మాట్లాడరు.

అసలు తెలుగు ఆడవాళ్ళు ఎప్పుడూ మాట్లాడలేదా అంటే, మాట్లాడారు. అచ్చులోకి రాలేదంతే. వెల్చేరు నారాయణరావు 1991లో స్త్రీల రామాయణపు పాటల మీద రాసిన వ్యాసం చదివితే ఈ సంగతి బాగా తెలుస్తుంది. వాల్మీకి రాముడి పుట్టుకను తిథి, నక్షత్రం, గ్రహాల ఉచ్చస్థితితో చెబుతాడు. పెరట్లో, వసారాలో ఆడవాళ్ళు పాడుకున్న పాటల్లో మాత్రం కౌసల్యకు వేవిళ్ళుంటాయి, నొప్పులుంటాయి. ఒకరు జాతకం రాశారు, ఇంకొకరు కాన్పు చూశారు. కాబట్టి నిర్మల 'లేబర్ రూమ్' రాసినప్పుడు తెలుగులో లేనిదాన్ని కొత్తగా తెచ్చారని అనలేను. పెరట్లో ఉన్నదాన్ని పత్రిక పేజీ మీదికి తెచ్చారు. అది చిన్న పనేం కాదు. పెరట్లో పాడితే వినేది ఆడవాళ్ళే. పత్రికలో వస్తే మగవాళ్ళూ చదవాలి. గొడవంతా అక్కడే వచ్చింది.

పాటిబండ్ల రజని 'అబార్షన్ స్టేట్‌మెంట్' ఇంకో అడుగు ముందుకు వేసింది. కనడం గురించి మాట్లాడితేనే ఇబ్బంది పడినవాళ్ళు, కనకపోవడం గురించి మాట్లాడితే ఊరుకుంటారా? వీళ్ళు మాతృత్వాన్నే కాదంటున్నారన్నారు. ఈ మాట ఇప్పటికీ వింటున్నాను, మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో కూడా.

నాకు ఇక్కడ ఆడ్రియన్ రిచ్ పనికొచ్చింది. 1976లో వచ్చిన 'ఆఫ్ వుమన్ బార్న్' పుస్తకంలో ఆమె రెండు విషయాల్ని విడదీస్తుంది. ఒకటి, బిడ్డతో తల్లికి ఉండే అనుభవం. రెండోది, తల్లి ఇలాగే ఉండాలని సమాజం నడిపే వ్యవస్థ. స్త్రీవాదుల గొడవ రెండోదానితో. ఓల్గా 'పుట్టని బిడ్డకు తల్లి ఉత్తరం' పేరుతో తెలుగులోకి తెచ్చిన ఒరియానా ఫలాచీ పుస్తకం చూడండి. పెళ్ళి కాని ఒక ఉద్యోగిని తన కడుపులోని బిడ్డతో మాట్లాడుతుంది. ఆ బిడ్డ మీద ఆమెకు ద్వేషం లేదు. మధ్యలో డాక్టరు, యజమాని, లోకం వచ్చి కూర్చుంటారు. ఆమె పోట్లాట వాళ్ళతో. దాన్ని బిడ్డ మీద ద్వేషంగా చదివేవాళ్ళు, కంపెనీ మీద కంప్లైంట్‌ని మెషిన్ మీద కంప్లైంట్ అనుకునేవాళ్ళలాంటివాళ్ళు.

*

ఇక 'మనం దాటేశాం' అన్న నా పాత మాట. దాటామా?

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019–21 ప్రకారం తెలంగాణలో 97 శాతం కాన్పులు ఆసుపత్రుల్లోనే జరుగుతున్నాయి. చాలా మంచి సంగతి. మంత్రసాని చేతిలో ప్రాణాలు పోయిన మా నాయనమ్మ చెల్లెలి కథ విన్నదాన్ని, దీన్ని తక్కువ చేసి మాట్లాడలేను. అదే సర్వేలో ఇంకో అంకె ఉంది. తెలంగాణలో వంద కాన్పుల్లో 60.7 సిజేరియన్లు. ప్రైవేటు ఆసుపత్రుల్లో 81.5. దేశం మొత్తానికి 21.5.

ఆ 81.5లో నేనూ ఒకదాన్ని. మా పెద్దవాళ్ళు పంతుల్ని అడిగారు. పంతులు రెండు ముహూర్తాలు ఇచ్చాడు. డాక్టరమ్మ తన డైరీ చూసుకుని అందులో ఒకటి ఖాయం చేసింది. అందరూ సంతోషించారు. ఆపరేషన్ ఎందుకు అవసరమో నాకెవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. ఆఫీసులో ప్రొడక్షన్‌లోకి ఏదైనా రిలీజ్ చేయాలంటే ముగ్గురి అప్రూవల్ తీసుకునే దాన్ని, నా కడుపు కోయడానికి ఒక ఫారమ్ మీద సంతకం పెట్టేసి ఊరుకున్నాను. వాల్మీకి చెప్పిన తిథి, నక్షత్రం ఇలా తిరిగొచ్చాయి. పెరటి పాటలోని నొప్పి మాత్రం మత్తుమందు కింద మాయమైంది.

నొప్పి లేకపోవడం తప్పని నేననడం లేదు. సిజేరియన్ తల్లి తక్కువ తల్లి అనే చెత్త మాటలు నేనూ పడ్డాను. నా బాధ వేరు. 'లేబర్ రూమ్' కవితలో నాకు రెండోసారి కనిపించింది నొప్పి కాదు, ఆ గదిలో ఆ ఒంటికి యజమాని ఎవరన్న ప్రశ్న. గది మారింది, బల్ల మారింది, లైట్లు మారాయి. ప్రశ్న మారలేదు. పందొమ్మిదేళ్ళ వయసులో నేను కవితలోని ఫర్నిచర్ చూసి పాతదన్నాను.

*

పాపను చూసుకోవడానికి ఒక అక్క వస్తుంది. ఇస్నాపూర్ నుంచి షేర్ ఆటోలో. ఇంతకుముందు ఒక మందుల కంపెనీ ప్యాకింగ్ సెక్షన్‌లో కాంట్రాక్టు మీద చేసేది. చిన్నది కడుపులో పడ్డాక ఐదో నెలలో "ఇగ రేపట్నుంచి రాకు" అన్నాడట కాంట్రాక్టర్. అంతే, ఆమె మెటర్నిటీ లీవు అది.

ఒక ఆదివారం ఆమెకు 'లేబర్ రూమ్' కవిత చదివి వినిపించాను. నాకు ఇలాంటి పిచ్చి పనులు అలవాటే. పాప కాళ్ళకు నూనె రాస్తూ శ్రద్ధగా విన్నది. అయిపోయాక కాసేపు ఏమీ అనలేదు. తర్వాత అన్నది:

"మంచిగ రాసింది మేడం. ఉన్నదున్నట్టు రాసింది. గని నొప్పులు ఎంతసేపు? ఒక పూటనో, ఒక దినమో. ఎట్లనన్న బయటపడ్తం. అసలు తిప్పలు ఆ రూము తలుపు దాటినంకనే గద. గది రాయలేదా ఆమె?"

ఈ ఏడాది నేను విన్న సాహిత్య విమర్శలో ఇంతకన్నా సూటిది ఇంకోటి లేదు. ఇది నిర్మల కవిత మీద ఫిర్యాదు కాదు. ఒక కవిత ఒక గదిలోకి వెళ్తుంది, అది చాలు. కానీ మనం, పాఠకులం, ఆ గది దగ్గరే ఆగిపోయాం. స్త్రీవాదం, మాతృత్వం అనగానే నాలుగు కవితల పేర్లు చెప్పి సిలబస్ ముగిస్తాం. తలుపు దాటాక ఏం జరిగిందో రాసినవాళ్ళు ఉన్నారు. వాళ్ళను మనం ఇంకో షెల్ఫులో పెట్టాం, 'దళిత సాహిత్యం' అని లేబుల్ రాసి.

గోగు శ్యామల కథ 'ఏనుగంత తండ్రికన్నా ఏకుల బుట్టంత తల్లి నయం'ని ఆ షెల్ఫులోంచి తీసి ఇక్కడ పెడదాం. శ్యామలది తాండూరు వైపు ఊరు, మా సంగారెడ్డి జిల్లాను ఆనుకునే ఉంటుంది. ఆ కథలో తల్లి గొప్పదని రచయిత్రి పొగడదు. తండ్రి లేని ఇంట్లో తల్లి కూలి చేసి పిల్లల్ని సాకడం చూపిస్తుంది. నేను ఆ పేరు సగం అనేసరికే మా అక్క మిగతా సగం పూర్తి చేసింది. ఆమెకది పుస్తకం పేరు కాదు, వాళ్ళమ్మ నోటి సామెత. ఏకుల బుట్ట అంటే వడకడానికి సిద్ధం చేసిన దూది ఏకులు పెట్టుకునే బుట్ట. గాలికి పడిపోయేంత తేలిక, అయినా అందులో చేయాల్సిన పని ఉంది. సినిమా పాటలోని దేవతకూ ఈ బుట్టకూ ఎంత తేడా!

అలాగే జూపాక సుభద్ర. జయప్రభ 'పైటను తగలెయ్యాలి' అన్నప్పుడు అది చాలామంది ఆడవాళ్ళకు ఊపిరి తీసుకున్నట్టయింది. కొంగు మీద సుభద్ర రాసిన కవిత ఆ మాటకు పక్కన నిలబడి ఇంకో సంగతి చెప్పింది: పనిచేసే ఆడదానికి కొంగు ఒక పనిముట్టు కూడా. ఇద్దరిలో ఎవరు సరి అని అడిగేవాళ్ళతో నాకు పేచీ ఉంది. పైట బరువైనవాళ్ళు పైట గురించి రాశారు, కొంగుతో పనున్నవాళ్ళు కొంగు గురించి రాశారు. మాతృత్వం విషయంలోనూ ఇంతే. ఇంట్లో కూర్చోబెట్టి తల్లిగా మాత్రమే బతకమన్నప్పుడు 'నేను తల్లిని మాత్రమే కాదు' అనడం తిరుగుబాటు. ఐదో నెలలో పనిలోంచి తీసేసి, కాన్పయిన నెలకే మళ్ళీ పని వెతుక్కోమన్నప్పుడు 'నన్ను కొన్నాళ్ళు తల్లిగా ఉండనివ్వండి' అనడమూ తిరుగుబాటే. కనకుండా ఉండే హక్కు, కన్న బిడ్డ దగ్గర ఉండే హక్కు ఒకే నాణేనికి చెందినవి. మనం ఒక వైపు మాత్రం చదివి పరీక్ష రాశాం.

*

ఈ ఒక వైపు చదువును సరిచేసే కథ స్త్రీవాద షెల్ఫులోనే ఉంది. ఓల్గా 'రాజకీయ కథలు'లోని 'ఒక రాజకీయ కథ'. ఫ్యాక్టరీ యంత్రంలో భర్త వేళ్ళు పోతాయి. తర్వాత భార్యకు పిల్లల్ని కనే శక్తి పోతుంది. ఆ రెండు నష్టాలను ఓల్గా పక్కపక్కన పెట్టి, ఏది రాజకీయం, ఏది 'ఇంటి విషయం' అని అడుగుతుంది. కాలేజీలో చదివినప్పుడు కథ కొంచెం లెక్క వేసినట్టుంది అనుకున్నాను. రెండు వైపులా సమానంగా తూచినట్టు, లెక్చర్ ఇచ్చినట్టు. ఆ అభిప్రాయం ఇప్పటికీ కొంత ఉంది. కానీ పటాన్‌చెరులో ఉంటూ చదివితే ఆ లెక్క వేరేగా కనిపిస్తుంది.

ఎందుకంటే ఇక్కడ నిజంగానే లెక్క ఉంది. 1923 నాటి పరిహారం చట్టానికి ఒక షెడ్యూల్ ఉండేది. పనిలో ఏ వేలు పోతే సంపాదించే శక్తి ఎంత శాతం పోయినట్టో అందులో రాసుండేది. బొటనవేలికి 30 శాతం. పాశమైలారం, బొల్లారం యూనియన్ వాళ్ళు దాన్ని నోటికి చెబుతారు. ఆ షెడ్యూల్ కోసం కార్మికులు పోరాడారు, అది కావాల్సిందే. 2025 జూన్ 30న పాశమైలారంలో మందుల ఫ్యాక్టరీ పేలి పదుల సంఖ్యలో కార్మికులు చనిపోయినప్పుడు మేమందరం పరిహారం అంకెల గురించే మాట్లాడుకున్నాం. ఆ కార్మికులను కని, పెంచి, రోజూ డబ్బా కట్టి గేటు దాకా పంపినవాళ్ళ పని మాత్రం ఏ షెడ్యూల్లోనూ లేదు. ఓల్గా కథ లెక్కలా ఉందంటే, లోకం అలాంటి లెక్కతో నడుస్తోంది కాబట్టే.

ఇక్కడి గాలి, నీళ్ళ సంగతి కూడా చెప్పాలి. పటాన్‌చెరులోని ఉమ్మడి వ్యర్థజలాల శుద్ధి ప్లాంటు నుంచి వచ్చే నీళ్ళలో సిప్రోఫ్లాక్ససిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉందని 2007లో స్వీడన్ శాస్త్రవేత్తలు రాశారు. నక్కవాగు గురించి ఇక్కడ పుట్టినవాళ్ళకు కొత్తగా చెప్పక్కర్లేదు. నేను కడుపుతో ఉన్నప్పుడు అందరూ ఒకటే సలహా: మంచి నీళ్ళు తాగు, మంచి గాలి పీల్చు, మంచి ఆలోచనలు చెయ్యి. నీళ్ళు, గాలి నా ఒక్కదాని క్రమశిక్షణ మీద ఆధారపడ్డట్టు! బిడ్డకు ఏమైనా అయితే ముందు తల్లిని అడుగుతారు, ఏం తిన్నావు, ఏం తాగావు అని. వాగును ఎవరూ అడగరు. మాతృత్వాన్ని వ్యవస్థ అన్నప్పుడు రిచ్ ఏమనుకుందో గానీ, నాకు మాత్రం రాత్రి రెండింటికి కిటికీలోంచి వచ్చే ఆ ఘాటు వాసన కూడా ఆ వ్యవస్థలో భాగమే. మన స్త్రీవాద సాహిత్యంలో ఇల్లు ఎక్కువగా నాలుగు గోడల మధ్యే ఉందని నాకనిపిస్తుంది. మా ఊళ్ళో ఇంటి గోడలు అంత గట్టివి కావు.

*

ఇప్పుడు అసలు చెప్పాల్సింది.

పి. సత్యవతి కథ 'ఇల్లలకగానే' నాకు చాలా ఇష్టం. పెళ్ళయి, ఇల్లు అలుకుతూ అలుకుతూ ఒకామె తన పేరే మర్చిపోతుంది. చుట్టూ ఉన్నవాళ్ళకు ఆమె ఎవరికో అమ్మ, ఎవరికో భార్య. ఆ పేరు కోసం వెతుక్కుంటూ వెళ్తుంది. ఆ కథను కనీసం పదిమందికి ఫార్వర్డ్ చేసి ఉంటాను. మా ఆఫీసులో మహిళా దినోత్సవం నాడు దాని గురించి ఐదు నిమిషాలు మాట్లాడి చప్పట్లు కూడా కొట్టించుకున్నాను.

పోయిన నెల అక్క రాలేదు. ఫోన్ చేద్దామని కాంటాక్ట్స్ తెరిచాను. ఆమె నంబరు 'పాప ఆయా' అని సేవ్ చేసి ఉంది. ఏడాదిగా అలాగే ఉంది. పేరు నాకు తెలుసు, ఆధార్ కాపీ తీసుకున్నప్పుడు చూశాను. కానీ ఫోన్‌లోకి ఎక్కలేదు. సత్యవతి కథలో ఇల్లు అలికేది ఇల్లాలు. మా ఇంట్లో ఇల్లు అలకడాన్ని నేను ఇంకొకరికి అప్పజెప్పాను, దానితో పాటు పేరు పోగొట్టుకోవడాన్ని కూడా.

ఆమె రాకపోవడానికి కారణం ఉంది. పెద్ద బిడ్డకు ఎనిమిదో నెల. మొదటి కాన్పు పుట్టింట్లోనే కదా. మరునాడు వచ్చి అడిగింది: "మేడం, పిల్లను తోల్కొచ్చుకున్న. పురుడు పొయ్యాలె. నాకెన్ని దినాలు ఇస్తరు?"

నాకు చట్టం 26 వారాలు ఇచ్చింది, జీతంతో. 2017లో 12 వారాలను 26 చేసినప్పుడు మా ఆఫీసులో కేకు కోశారు. ఆ చట్టం ఫ్యాక్టరీలకు, పదిమంది లేదా అంతకన్నా ఎక్కువమంది పనిచేసే దుకాణాలకు, ఆఫీసులకు. ఏడాదిలో 80 రోజులు పనిచేసినట్టు కాగితం ఉండాలి. కాంట్రాక్టర్ మారినప్పుడల్లా కాగితం మారే చోట ఆ 80 రోజులు చూపించడం ఎంత కష్టమో అక్క చెప్పాక తెలిసింది. మా ఇల్లు ఫ్యాక్టరీ కాదు, అందులో పనిచేసేది ఒక్కతే. అంటే ఆమెకు ఎన్ని రోజులో నిర్ణయించే చట్టం నేనే. నా 26 వారాలు అయిపోయాక నా ఉద్యోగం నిలబడింది ఆమె వల్ల. ఆమె ఇంట్లో ఒక కాన్పు వచ్చేసరికి నేను కేలండర్ తెరిచి, ఏ స్ప్రింట్ ఎప్పుడు ముగుస్తుందో చూస్తున్నాను. ఆ క్షణంలో నేను ఎవరిలా ఉన్నానో నాకు తెలుసు. ఫలాచీ పుస్తకంలో ఉన్నాడు, ఐదో నెల కాంట్రాక్టర్‌లో ఉన్నాడు.

రెండు నెలలు, జీతంతో, అన్నాను. గొప్ప కోసం చెప్పడం లేదు. ముందు నా నోట్లోకి వచ్చిన మాట 'పదిహేను రోజులు'. మింగేశాను. ఆ రెండు నెలలు పాపను ఎవరు చూడాలన్నది తర్వాతి ప్రశ్న. మా ఆయన కంపెనీలో తండ్రికి ఐదు రోజుల సెలవు, అది పాప పుట్టినప్పుడే అయిపోయింది. ప్రైవేటు ఉద్యోగంలో తండ్రికి సెలవు ఇవ్వాలని చెప్పే చట్టం లేదు. అయినా ఈసారి నేను కేలండర్ మూసి తన ముందు పెట్టాను. నెల రోజులు తను, నెల రోజులు నేను, మధ్యలో వారం మా అత్తమ్మ. దాని మీద మా ఇంట్లో రెండు రాత్రులు గొడవ జరిగింది. ఆ గొడవను ఎవరైనా కథగా రాస్తే చదవాలని ఉంది. తలుపు దాటాక మొదలయ్యే కథ అది. అందులో తల్లి, తండ్రి, డబ్బులు తీసుకుని తల్లి పని చేసే ఇంకో తల్లి, ముగ్గురూ ఉండాలి. సత్యవతి, శ్యామల, ఓల్గా ముగ్గురూ ఆ కథకు తలా ఒక మెట్టు కట్టి పెట్టారు. మా తరం ఇంకా ఎక్కలేదు, నాతో సహా.

అందుకే పాత రివ్యూ వెనక్కి తీసుకుంటున్నాను. ఆ కవితలు పాతబడలేదు. మేం వాటిని సగం చదివి పక్కన పెట్టాం. మళ్ళీ తీయండి. ఈసారి ఒక్కరే చదవకండి. మీ ఇంట్లో మీ పిల్లల్ని చూసుకునేవాళ్ళకు చదివి వినిపించండి, వాళ్ళేమంటారో రాసుకోండి.

నిన్న పొద్దున అక్క ఫోన్ చేసింది. సంగారెడ్డి సర్కారు దవాఖానలో ఆడపిల్ల, మామూలు కాన్పేనట. "ఎన్నడొస్తరు చూడనీకి?" అని అడిగింది. ఆదివారం వెళ్తున్నాం. ఫోన్ స్క్రీన్ మీద ఈసారి ఆమె పేరే వచ్చింది.